పక్కింటి మీద పీహెచ్‌డీ

నేను చదివింది డిగ్రీ, అది కూడా ఫైనలియర్లో ఎకనామిక్స్ ఒక పేపరు మిగిలిపోయి ఇప్పటికీ మిగిలే ఉంది. పీహెచ్‌డీలు మాత్రం ఎన్ని చదివినానో లెక్కలేదు. తిరుపతిలో బాలాజీ కాలనీ పక్కన ఒక సందులో నాకు డీటీపీ సెంటరుంది, ఇరవై రెండేళ్ళుగా స్కాలర్లు రాసుకొచ్చిన థీసిస్సులు టైపు కొట్టడం, మార్జిన్లు సెట్ చేయడం, ఐదు కాపీలు ప్రింటు తీసి రెగ్జిన్ బైండింగ్ చేయించి అట్ట మీద బంగారు అక్షరాలు వేయించి ఇవ్వడం, ఇదే నా బతుకు. మా ఊళ్ళో యూనివర్సిటీలకు కొదవ లేదు కదా, 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ ఉంది, మహిళా యూనివర్సిటీ ఉంది, సంస్కృతం వాళ్ళది ఉంది, వెటర్నరీ ఉంది, కాబట్టి తిరుపతిలో లడ్డూ తర్వాత ఎక్కువ తయారయ్యేది థీసిస్సే అని మేం షాపులో నవ్వుకుంటా ఉంటాం.

టైపు కొట్టేవాడు అక్షరాలే చూస్తాడు, అర్థం చూడడు అని స్కాలర్ల నమ్మకం. కెమిస్ట్రీ వాళ్ళ విషయంలో అది నిజమే, ఆ బెంజీన్ రింగులు సరిగ్గా వచ్చినాయా లేదా అంతవరకే నా పని. సోషల్ సైన్సు వాళ్ళది మాత్రం చదవకుండా చెయ్యి కదలదు నాకు. అందులోనూ మతతీవ్రవాదం, మానవ హక్కులు, ఆసియా దేశాలు అని ఈ టాపిక్కు మీద ఏడాదికి ఒకటో రెండో వస్తానే ఉంటాయి, సెమినార్ పేపర్లు కలిపితే ఇంకా ఎక్కువ, డిసెంబర్ 10 మానవ హక్కుల దినం దగ్గరపడిందంటే ముందు వారమంతా మా షాపులో ఇదే గోల. ఇన్నేళ్ళు కొట్టీ కొట్టీ నాకొక అభిప్రాయం ఏర్పడింది, అది చెప్దామనే కూర్చున్నా. చెప్పే అర్హత నీకేముంది అంటారా, అది చివర్లో తేలుతుంది, తొందర లేదు.

మొదటి చాప్టరు నాకు నోటికొచ్చు. ఫండమెంటలిజం అనే మాట అమెరికాలో 1910 నుంచి 1915 దాకా ప్రొటెస్టెంట్లు అచ్చేసి పంచిన చిన్న పుస్తకాల దగ్గర పుట్టింది, తర్వాత మార్టిన్ మార్టీ, స్కాట్ ఆపిల్‌బీ అనే ఇద్దరు షికాగోలో పెద్ద ప్రాజెక్టు నడిపి 1991-95 మధ్య ఐదు లావుపాటి సంపుటాలు తెచ్చారు, లోకంలో ఉన్న మతాల ఛాందసాలన్నీ ఒకే బల్ల మీద పెట్టి చూశారు... ఎవరి థీసిస్ తెరిచినా ఇదే. ఆ ఐదు సంపుటాలు మామూలు పని కాదు, వాటిని నేను తప్పు పట్టను. మనోళ్ళు దాన్ని ఒకరి థీసిస్ నుంచి ఒకరు ఎత్తుకుంటారు, అదీ బాధ. ఆపిల్‌బీ పేరులో ఒకాయన చేసిన స్పెల్లింగు తప్పు పదకొండేళ్ళ తర్వాత ఇంకొకాయన థీసిస్‌లో అట్లే కనబడింది నాకు, మొదటిసారి ఆ తప్పు కొట్టింది కూడా నేనేలెండి. చివరి చాప్టరూ నోటికొచ్చు. అన్ని మతాలూ శాంతినే బోధిస్తాయి, కొందరు స్వార్థపరులు వాటిని వాడుకుంటున్నారు, ప్రభుత్వాలు కఠినంగా ఉండాలి, యువతలో అవగాహన పెంచాలి. ముందు పేజీలో అన్నమయ్య కీర్తన నుంచి రెండు లైన్లు, వెనక పేజీలో గైడుకు కృతజ్ఞతలు.

అసలు సంగతి మధ్య చాప్టర్లలో ఉంటుంది. ఏ దేశం తీసుకున్నావు అని అడిగితే పాకిస్తాన్ అంటారు, ఆఫ్ఘనిస్తాన్ అంటారు, బంగ్లాదేశ్ అంటారు, 2017 ఆగస్టు నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి పోయినాక మయన్మార్ కూడా లిస్టులోకి వచ్చింది. మన దేశం మీద చాప్టరు లేదనను, ఉంటుంది, ఆరు పేజీలు, మనది లౌకిక రాజ్యం అని మొదలై ఆర్టికల్ 25 నుంచి 28 దాకా ఎక్కించి ఆగిపోతుంది. పోనీ ఇది మన జబ్బేనా అంటే కాదు, అవతల వాళ్ళు రాసిన పేపర్లు కూడా స్కాలర్లు ప్రింటు తీయించుకుంటారు కదా, చూస్తా ఉంటా, అక్కడ కూర్చున్నాయన మన గురించి నలభై పేజీలు, వాళ్ళ గురించి ఆరు పేజీలు. పక్కింటాయన పెళ్ళాన్ని కొడతా ఉంటే గోడ ఎక్కి చూసి రాసేదాన్ని కంప్లైంట్ అంటారు. ఇవ్వొద్దనడంలేదు, కొడతా ఉంటే కంప్లైంట్ ఇవ్వాల్సిందే. కానీ దానికి డాక్టరేట్ ఎందుకు, మన ఇంట్లో ఏం జరుగుతా ఉందో రాసినప్పుడే నా లెక్కలో దాన్ని స్కాలర్‌షిప్ అనాల.

అట్లా రాసినవాళ్ళు ఆసియాలో లేకపోలేదు, బిబ్లియోగ్రఫీల్లోనే ఉన్నారు వాళ్ళంతా, కొట్టి కొట్టి పేర్లు తెలిసినాక వీళ్ళెవరబ్బా అని వెతుక్కుని చదివినా. స్టాన్లీ తంబయ్య అని శ్రీలంకాయన, పేరు చూసి మనోడేనా అని అడిగాడు మా కుర్రోడు, తమిళ క్రైస్తవ కుటుంబం, హార్వర్డులో ప్రొఫెసరు. థాయిలాండ్ బౌద్ధం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి 1983 జూలైలో కొలంబోలో తమిళుల మీద జరిగిన ఊచకోత తర్వాత సొంత దేశం వైపు తిరిగాడు. 1992లో ఆయన పుస్తకం వచ్చింది, బుద్ధిజం బిట్రేయ్డ్? అని పేరు, అహింస చెప్పిన ధర్మం పేరుతో ఇంత నెత్తురు ఎట్లా పారింది అని వెతికే పుస్తకం. నేను కొట్టిన బిబ్లియోగ్రఫీల్లో సగానికి పైగా ఆ పేరు చివర క్వశ్చన్ మార్కు ఉండదు, పెట్టాలమ్మా అంటే ఏం కాదులే అన్నా అంటారు. ఏం కాకపోవడమేంది, బౌద్ధానికి ద్రోహం జరిగిందా అని ఆయన అడిగితే, జరిగింది అని వీళ్ళు తీర్పు రాసేశారు! ఆయన చూపించింది ఏమంటే గొడవ గ్రంథాల్లో లేదు, భిక్షువులు రాజకీయాల్లోకి వచ్చిన తీరులో ఉంది, ఓట్ల లెక్కల్లో ఉంది, సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టంలో ఉంది. భిక్షువులు ఊరూరా తిరిగి 1956లో గెలిపించిన ప్రధాని బండారనాయకేనే 1959లో ఒక భిక్షువు కాల్చి చంపాడు, ఇంతకన్నా ఏం చెప్పాలి.

ఇక్కడ నా వాదానికి ఒక చిక్కు వస్తుంది, నేనే చెప్తా. తంబయ్య రాసింది సొంతింటి గురించా పక్కింటి గురించా? నువ్వు తమిళుడివి, నీకెందుకు మా బౌద్ధం అన్నారు అక్కడ చాలామంది. దేశం లెక్కన సొంతిల్లే, మతం లెక్కన పక్కిల్లు. నాకు చాలారోజులు తెగలేదు ఇది. తర్వాత రజని తిరణగామ గురించి చదివినాక కొంచెం తెలిసొచ్చింది. జాఫ్నా యూనివర్సిటీలో అనాటమీ డిపార్ట్‌మెంటు హెడ్డు ఆమె, తమిళామె, మొదట్లో ఎల్టీటీఈ పులుల మీద సానుభూతి ఉన్న మనిషే. సింహళ సైన్యం చేసిందీ రాసింది, ఇండియా నుంచి శాంతి కాపాడ్డానికని పోయిన మన సైన్యం చేసిందీ రాసింది, దాంతో ఆగకుండా పులులు సొంత జనాన్ని ఏం చేస్తా ఉన్నారో కూడా రాసింది, ఇంకో ముగ్గురితో కలిసి. 1989 సెప్టెంబర్ 21న కాలేజీ నుంచి సైకిల్ మీద ఇంటికి పోతా ఉంటే కాల్చేశారు, ముప్పై ఐదేళ్ళు. అది మతం గొడవ కాదు జాతి గొడవ అంటారేమో, అననీండి. మొదటి రెండూ రాసినన్నాళ్ళు ఆమె బతికే ఉంది కదా. అంటే సొంతిల్లు ఏది అంటే మతమో దేశమో కాదు, నువ్వు ఏ మాట రాస్తే నీ చుట్టూ ఉన్నోళ్ళు, నీతో టీ తాగేవాళ్ళు నిన్ను చూసే చూపు మారుతుందో అదీ సొంతిల్లు, నాకు అట్లా అర్థమైంది.

పాకిస్తాన్ చాప్టర్లు నేను ఎక్కువ కొట్టినా కాబట్టి అక్కడి కథ నాకు మా వీధి కథంత బాగా తెలుసు. 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన పారిస్‌లో చర్చకొచ్చింది, 18వ ఆర్టికల్లో మనిషికి మతం మార్చుకునే హక్కు కూడా ఉంది అని రాశారు, సౌదీ అరేబియా ఒప్పుకోలేదు, చివర్లో ఓటే వేయకుండా ఉండిపోయింది. అప్పుడు పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్ లేచి ఖురాన్ నుంచే వాక్యాలు చెప్పి ఆ ఆర్టికల్‌ను సమర్థించాడు. ఆయన అహ్మదీ, తామూ ముస్లింలమే అనుకునే ఒక శాఖ అది. ఐదేళ్ళు తిరక్కుండానే 1953లో లాహోర్‌లో అహ్మదీలు ముస్లింలే కాదు, ఈ మంత్రిని తీసేయండి అని అల్లర్లు. దాని మీద వేసిన విచారణ కమిషన్‌లో జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీ అని ఇద్దరు జడ్జీలు ఒక పనిచేశారు, నాకు భలే నచ్చింది అది, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మతపెద్దల్ని ఒక్కొక్కరినీ ముస్లిం అంటే ఎవరు, నిర్వచనం చెప్పండి అని అడిగారు. 1954 రిపోర్టులో రాశారు, ఏ ఇద్దరి జవాబూ కలవలేదని. ఒకరి నిర్వచనం తీసుకుంటే ఇంకొకరు మతం బయట పడతారు. పీహెచ్‌డీ అంటే ఇది కదా అనిపించింది. అంత బాగా రాసిన రిపోర్టు ఉండి కూడా 1974లో రాజ్యాంగం సవరించి అహ్మదీలు ముస్లింలు కాదని తేల్చేశారు, 1984లో సైనిక పాలకుడు జియా ఆర్డినెన్స్ తెచ్చి వాళ్ళు తమ ప్రార్థనా స్థలాన్ని మసీదు అని పిలిచినా నేరమే, మూడేళ్ళ దాకా జైలు అన్నాడు, జఫ్రుల్లా ఖాన్ అది కూడా చూసి మరుసటేడు పోయాడు.

భౌతికశాస్త్రంలో 1979లో నోబెల్ తెచ్చుకున్న అబ్దుస్ సలాం కూడా అహ్మదీనే. ఆయన సమాధి రాయి మీద మొదటి ముస్లిం నోబెల్ గ్రహీత అని చెక్కారు, అధికారులు వచ్చి అందులో ముస్లిం అనే ఒక్క మాట మీద మాత్రం సున్నం పూయించారు. ఆ ఫోటో చూసినప్పుడు నాకు కోపం కన్నా ముందు టైపిస్టు బుద్ధి పనిచేసింది, ఒక మాట డిలీట్ చేస్తే మిగతా వాక్యం నిలబడాలి కదా, మొదటి నోబెల్ గ్రహీత అంటే ఏం అర్థం, ప్రపంచంలోనే మొదటోడా? వ్యాకరణం చూసుకోకుండా మతం దిద్దారు.

వాళ్ళ పాస్‌పోర్టు ఫారంలో కూడా ఒక డిక్లరేషన్ ఉంది, ముస్లిం అని రాసుకునే ప్రతి ఒక్కరూ అహ్మదీల గురువు మోసగాడు అని సంతకం పెట్టాలి. ఇది ఒకసారి షాపులో చెప్తా ఉంటే పక్కన కూర్చున్న ఒకాయన, మరి మన కొండ మీద డిక్లరేషన్ లేదా అన్నాడు. మంచి ప్రశ్నే, రెండూ ఒకటి కాదు అని నా ఉద్దేశం. కొండ మీద వేరే మతం వాళ్ళు ఇచ్చే కాగితంలో నాకు ఈ స్వామి మీద నమ్మకం ఉంది, దర్శనం చేసుకుంటాను అని ఉంటుంది, ఇంకొకడి దేవుడు అబద్ధం అని ఉండదు. ఈ తేడా పెద్దదే. అయినా ఆయన అడిగినాక ఒక విషయం తట్టింది నాకు, పాకిస్తాన్ పాస్‌పోర్టు ఫారం మీద పది థీసిస్సుల్లో కొట్టినాను, మన ఊరి ఫారం మీద, దానికి అటూ ఇటూ ఉన్న వాదనల మీద, ఒక్క పేజీ కొట్టలేదు. ఆ తేడా ఏందో రాసేదానికైనా ఒక స్కాలరు కావాల కదా.

ఇండోనేషియా సంగతి చూడండి. సుమత్రా దీవిలో తంజుంగ్ బలై అనే ఊళ్ళో మెలియానా అని ఒక బౌద్ధ మహిళ, చైనా మూలాలున్నామె, 2016లో పక్కింటామెతో మసీదు మైకు సౌండు ఎక్కువైంది కొంచెం తగ్గించమని చెప్పు అంది, అంతే అంది. ఆ మాట నోటినోటికీ పెరిగి గుంపు కట్టి ఊళ్ళో బౌద్ధ ఆలయాలు తగలబెట్టారు. 2018లో ఆమెకు పద్దెనిమిది నెలలు జైలు వేసింది కోర్టు, మతాన్ని కించపరిచిందని. తగలబెట్టిన వాళ్ళకు పడిన శిక్ష ఆమె శిక్షలో సగం కూడా లేదు. అప్పుడు నోరు విప్పింది ఎవరంటే నహ్దతుల్ ఉలమా, అక్కడి అతిపెద్ద ముస్లిం సంస్థ, 1926 నుంచి ఉంది, దాని పెద్దలే సౌండు ఎక్కువైందనడం దైవదూషణ ఎట్లా అవుతుంది అన్నారు. ఈ పేపరు కొట్టింది ధనుర్మాసంలో. తెల్లవారుజామున నాలుగున్నరకు మా వీధి చివర గుడి మైకు మొదలైతే మా అమ్మకు బీపీ, నిద్ర లేదు. నేను నామం పెట్టుకునే మనిషిని, ఆ గుడికి చందా ఇచ్చేవాడిని, పోయి కొంచెం తగ్గించండి సామీ అని ఒక్క మాట అడగడానికి నాకు నోరు రాలేదు. ఏం, నీకు తిరుప్పావై కూడా పడదా అంటారేమో అని. జైలు లేదు, గుంపు లేదు, ఆ ఒక్క మాటకే. మెలియానా మీద పేపరుకు మాత్రం ఫుట్‌నోట్లతో సహా పద్దెనిమిది పేజీలు.

మన దేశంలో సొంతింటి మీద రాసిన వాళ్ళకు ఏమైందో అందరికీ తెలిసిందే, త్వరగా చెప్పేస్తా. ధార్వాడలో ఎం.ఎం. కల్బుర్గి, లింగాయత చరిత్ర మీదే జీవితమంతా పనిచేసిన మనిషి, హంపి కన్నడ యూనివర్సిటీ వీసీగా చేసినాయన, 2015 ఆగస్టు 30 పొద్దున ఇంటి తలుపు కొట్టి కాల్చారు. అంతకు ముందు 2013లో పూణేలో మూఢనమ్మకాల మీద పోరాడిన దాభోల్కర్, 2015 ఫిబ్రవరిలో కొల్హాపూర్లో కమ్యూనిస్టు నాయకుడు పన్సారే, తర్వాత 2017లో బెంగళూరులో జర్నలిస్టు గౌరీ లంకేష్. ఢాకాలో 2015లో పుస్తకాల పండగ నుంచి బయటికొస్తా ఉన్న నాస్తిక బ్లాగరు అవిజిత్ రాయ్. కేరళలో టి.జె. జోసెఫ్ అనే ప్రొఫెసరుది ఇంకో రకం, ఒక ప్రశ్నపత్రంలో ప్రవక్తను అవమానించాడని 2010లో చేయి నరికారు, నరికింది పక్కింటి వాళ్ళు, ఉద్యోగం తీసేసింది మాత్రం సొంతింటి వాళ్ళు, చర్చి నడిపే కాలేజీ. ఈ వరసలో నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి అస్ఘర్ అలీ ఇంజనీర్, పేరుకే కాదు నిజంగానే సివిల్ ఇంజనీరు, బొంబాయి కార్పొరేషన్లో ఉద్యోగం. దావూదీ బోరా అనే షియా ముస్లిం శాఖ కుటుంబం, వాళ్ళ మతపెద్దల పెత్తనం మీద రాసినందుకు వెలివేశారు, కొట్టారు, 2000లో ఇల్లూ ఆఫీసూ ధ్వంసం చేశారు. అట్లాంటాయన దేశంలో ఎక్కడ మతకల్లోలం జరిగినా సంచీ తగిలించుకుని అక్కడికి పోయి ఎవరి షాపు కాలింది, స్థలం ఎవరికి కావాల, ఎన్నికలు ఎప్పుడు, ఇవన్నీ అడిగి రాసేవాడు. ముందు సొంతింట్లో దెబ్బలు తిన్నోడు కాబట్టి పక్కింటికి పోయినా జనం మాట్లాడారు అనుకుంటా.

ఇదంతా చెప్తే సెమినార్లలో ఒక వాదన వస్తుంది, మానవ హక్కులు మనవి కావు, తెల్లవాళ్ళవి, ఆసియా విలువలు వేరు అని. 1993లో బ్యాంకాక్‌లో ఆసియా ప్రభుత్వాలన్నీ కూడి దాదాపు అదే అన్నాయి, సింగపూర్ లీ క్వాన్ యూ, మలేషియా మహాథిర్ గట్టిగా చెప్పేవాళ్ళు. ప్రభుత్వాలు అన్నాయి, గమనించండి, లాకప్పులో ఉన్నోడు అనలేదు. 1948 ప్రకటనలో ఆల్ మెన్ అని ఉన్నదాన్ని పట్టుబట్టి ఆల్ హ్యూమన్ బీయింగ్స్ అని మార్పించింది మన గుజరాతీ ఆమె హంసా మెహతా. ఇంకా వెనక్కి పోవాలంటే మా రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి గుట్ట బండల మీద. పన్నెండో శాసనంలో ఏముందంటే, తన మతాన్ని పొగుడుకుని పక్కవాడి మతాన్ని తెగిడేవాడు తన మతానికే ఎక్కువ చెరుపు చేస్తాడు అని. నేను పోయి చూసినా, ఎండకు బండ కాలిపోతా ఉంది, మేకలు తప్ప ఎవరూ లేరు, తాటాకు విసనకర్ర పట్టుకున్న వాచ్‌మన్ మాత్రం ఉన్నాడు. బ్రాహ్మీ లిపి, నాకు ఒక్క అక్షరం తెలీదు, కానీ లైన్లు వంకరగా ఉన్నాయి, కొన్నిచోట్ల కుడి నుంచి ఎడమకు కూడా చెక్కినారంట, అది చూసి అలైన్‌మెంటు సమస్య అప్పట్నుంచే ఉంది అనుకున్నా.

సరే, అసలు విషయానికి వస్తా, ఇంతసేపు దాటేసుకుంటా వచ్చినా.

నాలుగైదేళ్ళ కింద ఒకమ్మాయి వచ్చింది, పుంగనూరు వైపు పిల్ల, రైతు కుటుంబం, ఏ యూనివర్సిటీయో చెప్పను. టాపిక్కు మామూలుదే, దక్షిణాసియా, మతతీవ్రవాదం, హక్కులు. ఐదో చాప్టరు మాత్రం మామూలుగా లేదు. మన జిల్లా మీద రాసింది. పీర్ల పండక్కి గుండం తొక్కే ఊళ్ళకు పోయింది, పీరును ఎత్తుకునేది ఏ కులం వాళ్ళు, ఎప్పట్నుంచి, ఇప్పుడు ఎవరు మానేశారు, ఎవరు మాన్పించారు, రెండువైపులా అడిగింది. అఫ్సర్ మన తెలుగు కవి, అమెరికాలో చెప్తాడు పాఠాలు, అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయప్ప మీద 2013లో పుస్తకం రాశాడు, హిందువులే ఎక్కువమంది వచ్చే పీర్ల పండగ అది, ఇది అసలైన ఇస్లాం కాదు అని చెప్పే వాళ్ళు ఆ ఊరికి వచ్చినప్పుడు ఏమైందో కూడా రాశాడు, దాన్ని పట్టుకుని ఈ అమ్మాయి మన పల్లెలకు పోయింది. మా తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి కూడా ఒక సెక్షను. అట్లాంటాలో పాఠాలు చెప్పిన జాయిస్ ఫ్లూకిగర్ అనే ఆమె ఏళ్ళ తరబడి వచ్చిపోతా ఆ జాతర మీద పుస్తకం రాసింది, మన ఇల్లు చూడ్డానికి వాళ్ళు రావాల్సి వచ్చింది. జాతరలో వేషం కట్టినోడు బూతులు తిట్టినా ఎవరి మనోభావాలూ దెబ్బతినవు, తిట్టించుకోవడమే మొక్కు, అదే మాట ఫోన్లో మెసేజీగా వస్తే కేసు. ఇది ఎప్పట్నుంచి మారింది అని ఆ అమ్మాయి ప్రశ్న. దానికోసం తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో ఇన్నేళ్ళలో పంచిన కరపత్రాలు పోగుచేసింది, ఇళ్ళలో, మసీదుల్లో, గుళ్ళ దగ్గర, చర్చీల దగ్గర. ఒక్కోదానికీ ఫుట్‌నోటు, సైజు ఎంత, భాష ఏంది, ఎక్కడ దొరికింది, అచ్చేసింది ఎవరు.

అచ్చేసింది ఎవరు అనేది చిన్న విషయం కాదు. 1867 నాటి చట్టం ఒకటి ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో 2023ది వచ్చింది, ఆ పాత చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి కాగితం మీదా ముద్రించినవాడి పేరూ ఊరూ ఉండాలి. మా లైన్లో అందరికీ తెలుసు. 1924లో లాహోర్‌లో ప్రవక్త మీద ఒక చిన్న పుస్తకం వచ్చి పెద్ద గొడవైంది, రాసినవాడి పేరు లేదు, పబ్లిషరు రాజ్‌పాల్ పేరు మాత్రం ఉంది, రాసింది ఎవరో ఆయన చివరిదాకా చెప్పలేదు, 1929లో ఆయన్ని పొడిచి చంపారు. ఆ గొడవ నుంచే 1927లో బ్రిటిష్ వాళ్ళు కావాలని మతాన్ని అవమానిస్తే నేరం అనే 295-ఏ సెక్షను తెచ్చారు, పాకిస్తాన్‌కు ఇప్పటికీ అదే సెక్షను, మనకు 2024లో భారతీయ న్యాయ సంహిత వచ్చేదాకా అదే, జియా దానికి 1982లో బి, 1986లో సి తగిలించాడు. ఆ పుస్తకం మంచిదని అనను. పేరు వేసుకున్నాడు అంటా ఉన్నా, అంతే.

నేను టైపు చేస్తా ఉన్నా ఆ చాప్టరు. ఫుట్‌నోటు ముప్పై ఎంతో వచ్చింది. ఏ5 సైజు, తెలుగు, ఫలానా మతం వాళ్ళ షాపుల్లో కొనొద్దు, వాళ్ళకు ఇళ్ళు బాడుగకు ఇవ్వొద్దు అని సారాంశం, తిరుపతిలో దొరికింది, ముద్రాపకుల పేరు లేదు. కింద స్కాన్ చేసిన బొమ్మ. హెడ్డింగు ఫాంటు చూసినా, పక్కన వేసిన పువ్వు బార్డరు చూసినా. నాదే.

మా కాలనీ ఆయనే తెచ్చాడు అంతకు ముందు ఎప్పుడో, నోటుబుక్కు పేజీ మీద చేత్తో రాసుకుని. రోజూ కనపడే మనిషి, వాళ్ళ పాప పెళ్ళి కార్డులు కూడా నా దగ్గరే. రెండు వేల కాపీలన్నా, రేపటికి కావాల అన్నాడు. చదివినా. ఏందిన్నా ఇది అన్నా. మనం ఏమన్నా కొట్టమంటా ఉన్నామా నైనా, కొనొద్దంటా ఉన్నాం, అదీ తప్పేనా అన్నాడు. నేను మాట్లాడలా. కూర్చుని కొట్టినా. కొట్టడమే కాదు, ఒత్తులు తప్పుంటే దిద్దినా, ఒక వాక్యం తిరగబడి ఉంటే సరిచేసినా, అలవాటు కదా, తప్పుల్తో ఇస్తే మా షాపు పేరు పోతుందని. పేరు పోతుందని దిద్దినవాడిని కింద పేరు మాత్రం వేయలేదు. ఆయన వద్దనలేదు, నేనే వేయలేదు. మిగిలింది నాకు ఆరువందలు.

మా బైండింగ్ భాయ్ పద్నాలుగేళ్ళుగా నా దగ్గరే పని. ఏ4లో రెండేసి కొట్టిన కాగితాలు కటింగ్ మిషన్ మీద సగానికి కోయాలి. సామీ అంచు వదలాల్నా అని అడిగాడు, వద్దు భాయ్ అన్నా. కోశాడు, వంద వంద లెక్కపెట్టి దారం కట్టాడు. కట్ట మీద ఒక తెల్లకాగితం పెట్టడం ఆయన పద్ధతి, పై కాపీకి దారం మచ్చ పడకుండా. ఆ రోజు పైనా కిందా రెండు పక్కలా పెట్టాడు. ఇరవై కట్టలు, నలభై తెల్లకాగితాలు. ఏమీ అనలేదు, పొద్దుపోయినాక సైకిల్ ఎక్కి కోర్లగుంట పోయాడు, మరుసటి రోజు తొమ్మిదికి వచ్చాడు ఎప్పట్లాగే.

ఆ అమ్మాయికి చెప్పాల్సింది అప్పుడే. అమ్మా, ముద్రాపకుల పేరు లేదు అని రాసినావే, ఇదిగో ఇక్కడ కూర్చున్నాడు అని. చెప్పలేదు, ఆ మూడు మాటలూ నా చేత్తోనే కొట్టినా, ఇటాలిక్స్‌లో. చాప్టరు తీసుకుని గైడు దగ్గరికి పోయింది. పది రోజులకు వచ్చింది, మొహం చిన్నబోయి ఉంది. ఐదో చాప్టరు తీసేయమన్నారు అన్నా అంది. ఎందుకమ్మా అంటే, తిరుపతిలో ఎప్పుడన్నా మతకల్లోలం జరిగిందా, జరగని దాని మీద డేటా ఎట్లా వస్తుంది అన్నారంట, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా ఎవరొస్తారో ఏమో మనకెందుకు అని కూడా అన్నారంట. ఈ అమ్మాయి ఊరుకోలేదు, అశుతోష్ వార్ష్‌నేయ్ అనే పొలిటికల్ సైన్సు ప్రొఫెసరు పుస్తకం చూపించిందంట. ఆయన లెక్క ప్రకారం 1950 నుంచి 1995 దాకా హిందూ ముస్లిం గొడవల్లో చనిపోయిన వాళ్ళలో దాదాపు సగంమంది ఎనిమిది నగరాల్లోనే, పల్లెల్లో నాలుగు శాతం కూడా లేరు, అందుకే ఆయన గొడవలయ్యే ఊరునీ గొడవలు కాని ఊరునీ జతచేసి చూశాడు, అలీగఢ్ పక్కన కాలికట్, హైదరాబాద్ పక్కన లక్నో, కాబట్టి జరగకపోవడం కూడా డేటానే సార్ అందంట. తెలివిగలది. సార్ నవ్వి, ముందు డాక్టరేట్ తెచ్చుకోమ్మా, తర్వాత పుస్తకం రాసుకుందువులే అన్నాడంట.

దాని స్థానంలో ఆఫ్ఘనిస్తాన్ మీద ఒక చాప్టరు పెట్టింది, మూడు వారాల్లో. నేనే కొట్టినా. థీసిస్ ఒప్పుకున్నారు, డాక్టరేట్ వచ్చింది, స్వీట్లు తెచ్చిచ్చింది షాపుకు, భాయ్‌కి కూడా ఒక డబ్బా. ఇప్పుడు కర్ణాటకలో ఎక్కడో కాలేజీలో చేస్తా ఉంది.

ఆ రోజు ఐదో చాప్టరు తీసేయమన్నారు అని ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్తా ఉంటే, అయ్యో అన్నా నేను, ఆ గైడును నాలుగు తిట్టినా కూడా. లోపల మాత్రం ఏదో బరువు దిగినట్టు హాయిగా ఉండింది నాకు. సాయంత్రం భాయ్‌కీ నాకూ రెండు టీలు తెప్పించినా. ఫైల్లో అరవై రెండు పేజీలు సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టినా, కింద ఫుట్‌నోట్ల నెంబర్లు వాటంతటవే సర్దుకున్నాయి.